పసుపు మావయ్య చేతులు

మేకప్ పని నేర్చుకుంటున్న పిల్లలు కనబడినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతున్నారు. "మేస్టారూ, ఆ సీరియల్లో పసుపు మావయ్య మొహం లోపల దీపం పెట్టినట్టు వెలిగేది కదండీ, అది ఏ కంపెనీ రంగండీ?" మొన్న రాజమండ్రిలో ఒక అమ్మాయి అయితే పుస్తకం, పెన్ను తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను ఏదో మాట చెప్పి దాటేసి, ఆ పిల్ల పెట్టిన కాఫీ తాగేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇలా దాటేయడం నాకు కొత్తేం కాదు. ఒకసారి దాటేసినందుకే ఒక మనిషి చేతులు పనికిరాకుండా పోయాయి. అందుకని ఆ అమ్మాయికీ, మిగతావాళ్ళకీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

మాది రామచంద్రపురం. మా నాన్న పద్యనాటకాలకి రంగు వేసేవాడు. నేనూ అదే పనిలో పడ్డాను. నాన్న దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. అందులో తెల్లరంగుకి సఫేదా పొడి, కాటుక, మీసాలు, గడ్డాలు, అన్నిటికంటే అడుగున గుడ్డలో మూటకట్టిన అరదళం. అరదళం అంటే పసుపుపచ్చటి రాయి, అభ్రకంలా పొరలు పొరలుగా ఉంటుంది. అప్పట్లో మూలికల కొట్లో అడిగితే ఇచ్చేవారు. దాన్ని సాన మీద కొబ్బరినూనెతో గంటలకొద్దీ నూరి రాజవేషాల మొహానికి పూస్తే, పెట్రోమాక్సు లైటు కింద ఆ మొహం బంగారంలా మెరిసేది. కంపెనీ డబ్బాలు వచ్చాక అందరూ దాన్ని వదిలేశారు. నేనూ వదిలేశాను. కానీ నాన్న పోయాక కూడా ఆ మూట పెట్టెలో అలాగే ఉంచాను.

అరదళం విషయంలో నాన్నకి రెండు నియమాలుండేవి. ఆ రంగు ఒంటి మీద ఉండగా నటుడు మెతుకు నోట్లో పెట్టకూడదు. ఆట అయ్యాక, శనగపిండితో రుద్ది కడుక్కున్నాకే భోజనం. రెండోది, ఒకసారి ఆ రంగు వేసిన మనిషికి మళ్ళీ నెల తిరిగేదాకా వేయకూడదు. ఎందుకని అడిగితే, "చెప్పింది చెయ్యరా" అనేవాడు తప్ప కారణం చెప్పేవాడు కాదు. కష్టపడి వేసిన రంగు తిండి దగ్గర చెరిగిపోతుందని ఆయన బాధ అనుకునేవాణ్ణి. ముసలాయన చాదస్తం అని కూడా అనుకున్నాను. దాచడమెందుకు?

ఇక సీరియల్ సంగతి. హైదరాబాదు నుంచి ఒక యూనిట్ వచ్చి గోదావరి మధ్యలో లంకలో సెట్టు వేసింది. వేరే గ్రహం నుంచి వచ్చినవాళ్ళు మన లంకల్లో దిగితే ఏమవుతుందన్నది కథ. మన ఇసుక తిన్నెలు కెమెరాలో అచ్చం వేరే గ్రహంలాగే ఉన్నాయని డైరెక్టరు తెగ సంబరపడేవాడు. ఊళ్ళో మేకప్ మనిషి కావాలంటే ఎవరో నా పేరు చెప్పారు. నాటకాలు తగ్గిపోయి పెళ్ళిళ్ళకి రంగులు పూసుకుంటున్న రోజులవి. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

స్క్రిప్టులో ఒక గ్రహాంతరవాసి పాత్ర ఉంది. రెండు రోజుల పని. ఆకాశంలోంచి దిగి, జబ్బుపడిన పిల్లని చేత్తో తాకి బాగుచేసి, మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. దానికి బాగా పొడుగ్గా ఉండే మనిషి కావాలి. మా యూనిట్‌ని లంకకి చేరేసే పడవ నడపడానికి కాకినాడ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. సముద్రంలో వేటకి వెళ్ళే మనిషి. వేట నిషేధం రెండు నెలలు చేతికి పనిలేక ఇటు వచ్చాడు. ఆరడుగులకి పైన ఉంటాడు, చేతులు మోకాళ్ళ దాకా వస్తాయి. అతను పడవ తాడు లాగుతుంటే డైరెక్టరు చూసి, "ఆయన్ని ఒకసారి ఇలా తీసుకురండి" అన్నాడు.

"నాకు యాక్షన్ రాదండి బాబూ," అన్నాడతను సిగ్గుపడుతూ.

"మీరేం చెయ్యక్కర్లేదు. నిలబడండి, చెయ్యి చాపండి, చాలు."

మొదటిరోజు కంపెనీ పసుపు రంగు వేశాను. డైరెక్టరు తెర మీద చూసి, "ఏంటండీ ఇది, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టుంది" అన్నాడు. యూనిట్ అంతా పకపకా నవ్వింది. నలభై ఏళ్ళ అనుభవం ఉందని చెప్పుకుని వచ్చినవాణ్ణి, ఆ నవ్వు తట్టుకోలేకపోయాను. ఇంటికి వెళ్ళి పెట్టె దింపి, అడుగున ఉన్న మూట విప్పాను. రెండు రోజుల వేషంలో ఇంకా ఒక్క రోజే కదా మిగిలింది, నాన్న నియమం తప్పినట్టేం కాదులే అని సర్దిచెప్పుకుని, రాయి నూరాను.

మర్నాడు ఆ రంగుతో అతన్ని ఇసుకలో నిలబెడితే అందరూ చేతిలో పని వదిలేసి చూశారు. ఎండ పడి ఆ మొహం, మెడ, మోచేతుల దాకా ఆ పొడుగు చేతులు లోపలినుంచి వెలుగుతున్నట్టున్నాయి. డైరెక్టరు వచ్చి నన్ను కావలించుకున్నాడు. రంగు వేసినవాణ్ణి కావలించుకోవడం నా సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు నాకు గర్వంగా ఉంది, చాలా గర్వంగా ఉంది. తర్వాత జరిగిందంతా ఆ గర్వంలోంచే వచ్చింది.

ఆ భాగం టీవీలో వచ్చాక పిల్లలు అతన్ని వదల్లేదు. స్క్రిప్టులో ఏదో నోరు తిరగని పేరుంటే, దాన్ని పక్కనపడేసి 'పసుపు మావయ్య' అని వాళ్ళే పేరు పెట్టేశారు. ప్రతి శుక్రవారం పసుపు మావయ్య ఉండాల్సిందే అని ఛానెల్ పట్టుబట్టింది. రెండు రోజుల వేషం కాస్తా వారానికి మూడు రోజుల పని అయింది. వేట నిషేధం ఎత్తేశారు, అతని తోటివాళ్ళంతా సముద్రం మీదికి వెళ్ళిపోయారు. ఇతను మాత్రం మా దగ్గరే ఉండిపోయాడు.

నెల తిరిగేదాకా వేయకూడదన్న నియమం రెండో వారంలోనే మంటగలిసింది. ఆ నియమం ఒకటుందని కూడా నేనెవరికీ చెప్పలేదు. చెబితే కంపెనీ రంగు వేయమంటారు, మళ్ళీ నలుగు పెట్టినట్టుందని నవ్వుతారు.

మెతుకు ముట్టకూడదన్న నియమమూ అంతే. ఆ వేషం కట్టడానికి మూడు గంటలు పట్టేది. మధ్యాహ్నం కడిగి మళ్ళీ వేయడమంటే ఆ పూట షూటింగు ఆగిపోయినట్టే. ప్రొడక్షన్ వాళ్ళు అతనికి స్పూను ఇచ్చారు. రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు.

"స్పూనుతో తింటే తిన్నట్టుండదండి మేస్టారూ. మా ఇంటిది పొద్దున్నే లేచి పులుసు పెట్టి పంపింది. చేత్తో కలుపుకోకపోతే ఎలాగండి?"

అని ఆ పచ్చటి చేత్తోనే చేపల పులుసూ అన్నం కలిపి తినడం మొదలుపెట్టాడు. నాకు నాన్న గుర్తొచ్చాడు. ఆయన నియమం నోటిదాకా వచ్చింది. "చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి, రంగు పోతుంది" అన్నాను. రంగు పోతుందన్నానే గాని వేరే మాట అనలేదు. ఒకరోజు తొడుక్కున్నాడు, చెమట పోస్తోందని మర్నాడు తీసేశాడు. నేను మళ్ళీ అడగలేదు. వేరే గ్రహం మనిషి ఇసుకలో గొంతుక్కూర్చుని వేళ్ళు నాకుతూ చేపల పులుసు తింటుంటే ఎవరో ఫోటో తీశారు. అది ఫోన్లన్నీ తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. చూసి నవ్వుకునే ఉంటారు.

ఇంకోటి కూడా చెప్పాలి. షూటింగు చూడ్డానికి వచ్చే తల్లులు పిల్లల్ని ఎత్తుకుని అతని దగ్గరకి వచ్చేవారు. టీవీలో తాకితే జబ్బు తగ్గుతుంది కదా. "ఒక్కసారి నుదుటి మీద చెయ్యి వెయ్యండి బాబూ, జ్వరం తగ్గట్లేదు" అని బతిమాలేవారు. "నేను మామూలు మనిషినండి తల్లీ, పడవ వాణ్ణి" అని మొహమాటపడుతూనే ఆ పచ్చటి చెయ్యి వేసేవాడు. ఒక్కసారి తాకితే ఏమీ కాదని తర్వాత డాక్టరు చెప్పింది. అయినా ఆ పిల్లల నుదుళ్ళ మీద మిగిలిన పచ్చటి వేలిముద్రలు నాకిప్పటికీ కళ్ళ ముందు కనబడతాయి.

ఏడాది దాటింది. ఒకరోజు అతని భార్య క్యారేజీ పట్టుకుని తనే లంకకి వచ్చింది. హార్బర్ దగ్గర చేపలు అమ్ముకునే మనిషి, మాట గట్టిది. నేరుగా నా దగ్గరకొచ్చి మొగుడి అరచెయ్యి పట్టుకుని చూపించింది.

"అన్నయ్యగారూ, ఈ చెయ్యి చూడండి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడండి. చెప్పు జారిపోయినా తెలీట్లేదంట. గుండెల మీద ఈ మచ్చలేంటండి?"

అరచేతి నిండా జొన్నగింజల్లా గట్టి గట్టి గింజలు. ఛాతీ మీద తుంపర పడ్డట్టు నల్లటి చుక్కలు. ఇది రాయి పనేనని నాకు తెలిసిపోయింది. అయినా నోరు మాత్రం, "వల లాగిన చేతులు కదమ్మా, కాయలు కాస్తాయి" అంది.

"వల చేతులు నాకు తెలీవా అన్నయ్యగారూ? మా నాన్నవీ చూశాను, మా అన్నవీ చూశాను. ఇవి ఆ కాయలు కావండి."

ఆమె ఊరుకునే మనిషి కాదు కాబట్టి ప్రొడక్షన్ మేనేజరు కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. దారిలో, "చర్మం సంగతి కదండీ, రంగు గురించి అడుగుతారు. కంపెనీ రంగే కదా, డబ్బా చూపించండి, సరిపోతుంది" అన్నాడు. అతనికి అరదళం సంగతి తెలియదు. మంచి రంగు అనుకుంటున్నాడు పాపం. తెలిసింది ఇద్దరికే. నూరే నాకు, రోజూ పొద్దున్న నా ఎదురుగా కూర్చుని నేను నూరడం చూసే అతనికి.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఓపిగ్గా చూసింది. చేతులు, పాదాలు, గోళ్ళు చూసి, "ఒంటికి ఏం రాస్తున్నారు?" అని అడిగింది. నేను సంచిలోంచి కంపెనీ డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదొక్కటేనా? ఇంకేమీ కలపట్లేదా?"

"ఇదొక్కటేనమ్మా."

ఆమె అతనివైపు తిరిగింది. అతను నావైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. నేను డబ్బా మీద అక్షరాలు చదువుతున్నట్టు తల దించుకున్నాను. చివరికి అతను, "మేస్టారు చెప్పిందేనండి" అన్నాడు. ఆమె నరాలకి ఏవో మాత్రలు రాసిచ్చి, నెల తర్వాత రమ్మంది.

భయపడ్డానని చెబితే అర్థం చేసుకుంటారు గాని, భయం ఒక్కటే కాదు. రాయి తప్పని ఒప్పుకుంటే, నన్ను కావలించుకున్న ఆ రోజు కూడా తప్పయిపోతుందని ఏడుపు. అయినా అంతో ఇంతో మనిషినే కాబట్టి, ఆ వారం కంపెనీ రంగు వేశాను. ఈ ఒక్క పనితో అంతా సర్దుకుంటుందనుకున్నాను. డైరెక్టరు తెరవైపు చూసి, "మేస్టారూ, ఏమైందండీ? పీనుగులా ఉన్నాడు. మన పసుపు మావయ్య ఏడి?" అన్నాడు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకెప్పుడూ దొరకలేదు. అందరూ అక్కడే ఉన్నారు, పగటిపూట, ఎవరికీ కోపం కూడా లేదు. నేనేమన్నానో తెలుసా? "సరిగ్గా కుదర్లేదండి, రేపు చూస్తాను" అన్నాను. మర్నాడు మళ్ళీ రాయి నూరాను. ఇంకో రెండు వారాలు, అంటే ఆరు రోజుల షూటింగు, తెలిసి తెలిసి ఆ చేతులకి పూశాను. అంతకుముందు ఏడాది తెలియక చేశానని ఎవరైనా సర్దిచెప్పొచ్చు. ఈ ఆరు రోజులకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఆరో రోజు మధ్యాహ్నం షాటు తీస్తున్నారు. అతను ఆకాశనౌక సెట్టులోంచి దిగి, ఇసుకలో దూరంగా నడిచి వెళ్ళాలి. నడిచాడు. ఎప్పటిలాగే తొణక్కుండా, ఆ పొడుగు చేతులు వేలాడేసుకుని నడిచాడు. కెమెరా దగ్గరున్నతను, "ఇసుక మీద ఆ ఎర్ర మరకలేంటి?" అన్నాడు. చూస్తే ప్రతి రెండో అడుగూ ఎర్రగా ఉంది. పరిగెత్తాం. సెట్టు చెక్కలోంచి మేకు ఊడి అతని పాదంలో నిలువునా దిగి ఉంది. దానిమీదే యాభై అడుగులు నడిచాడు. "మీ కాలండీ, మీ కాలు!" అని ఎవరో అరిస్తే, అతను వంగి, ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూశాడు.

"నాకేం తెలీలేదండి," అన్నాడు. "మేస్టారూ, నాకు తెలీలేదండి." అప్పుడు మొదటిసారి అతని గొంతులో భయం విన్నాను. సముద్రంలో గాలివానకి చిక్కి బతికొచ్చిన మనిషి అతను. కాలు పడవని పట్టుకోకపోతే, వేలికి వల బరువు తెలియకపోతే, వేటగాడి బతుకేంటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

నేను అక్కడే కూర్చుని అతని మొహం, చేతులు కడిగాను. పెట్టెలోంచి మూట తీసి జేబులో పెట్టుకుని బండి ఎక్కాను. కాకినాడ దాకా అతని పాదం నా ఒళ్ళోనే ఉంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అదే డాక్టరమ్మ. బల్ల మీద మూట విప్పి పెట్టాను. "కిందటిసారి అబద్ధం చెప్పానమ్మా. పూసింది ఇది" అన్నాను. ఆమె రాయిని ముట్టుకోకుండా చూసి, లోపలికెళ్ళి పెద్ద డాక్టర్ని తీసుకొచ్చింది. ఆయన చూస్తూనే, "ఇది పాషాణమయ్యా, విషం" అన్నాడు. మా నాన్న నలభై ఏళ్ళు చెప్పని కారణం ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

"ఒంటికి పూస్తే ఇంత దూరం రాకూడదే. నోట్లోకి ఎలా వెళ్ళింది?" అంది డాక్టరమ్మ. నేను ఫోను తీసి ఆ ఫోటో చూపించాను. ఆమె దాన్ని వేళ్ళతో పెద్దది చేసింది. అన్నంలో పచ్చటి వేళ్ళు, పెదవుల మీద పచ్చ. అందర్నీ నవ్వించిన ఫోటో చూసి నవ్వని మనిషి ఆమె ఒక్కతే. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మొన్ననే చెప్పి ఉంటే బాగుండేదండీ" అని మాత్రం అంది. తర్వాత, "మీ చేతులు కూడా చూపించండి" అంది.

చాపాను. నా అరచేతుల్లోనూ ఆ గింజలున్నాయి, కొంచెం చిన్నవి. రోజూ చూసుకునే చేతులే. వాటిని చూస్తుంటే నాన్న అరచేతులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తుంటే గరగరా గుచ్చుకునేవి. సాన పట్టీ పట్టీ అలా అయ్యాయని అమ్మ చెప్పేది. నటుల కోసం నియమాలు పెట్టిన మనిషికి తన చేతుల సంగతి ఎంత తెలుసో, తెలిసీ ఎందుకు ఊరుకున్నాడో నాకు తెలియదు.

ఒంట్లోంచి విషం దిగడానికి మందులిచ్చారు. ప్రాణభయం పోయింది. కానీ చచ్చిన నరాలు తిరిగి రాలేదు. ఖర్చంతా డైరెక్టరే పెట్టుకున్నాడు, ఆయన్ని నేనేమీ అనను. నెల తిరక్కుండా వేరే పొడుగు మనిషిని తెచ్చి కంపెనీ రంగు పూసి, ఆ వెలుగేదో కంప్యూటర్లో పెట్టారు. అచ్చం అలాగే వచ్చింది. మొదటి రోజే అలా చేసి ఉండొచ్చని అప్పుడు తెలిసింది. పిల్లలు తేడా కనిపెట్టలేదు. ప్రతి శుక్రవారం పసుపు మావయ్య వచ్చాడు, జబ్బులు నయం చేశాడు, వెళ్ళాడు. నేను పని మానేశాను. మూట గోదాట్లో పారేద్దామనుకుని, నీళ్ళు తాగేవాళ్ళుంటారు కదా అని ఆగి, ఆసుపత్రిలోనే ఇచ్చేశాను.

వాళ్ళింటికి వెళ్ళడానికి నాకు ఆరు నెలలు పట్టింది. హార్బర్ దగ్గర రెండు గదుల ఇల్లు. గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. బాగుచేస్తున్నాడని అనడమే గాని, దారం వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో ప్రతిసారీ వంగి చూసుకుంటున్నాడు. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకున్నాడు. "రండి మేస్టారూ, కూర్చోండి" అన్నాడు, ఎప్పటిలాగే.

అతని భార్య నావైపు చూడకుండానే ఇద్దరికీ అన్నం పెట్టింది. చేపల పులుసు. అతని కంచంలో స్పూను వేసింది. అన్నం వేడి తెలియక రెండుసార్లు వేళ్ళు కాల్చుకున్నాడని, అప్పటినుంచి స్పూనేనని వాళ్ళ పెద్దమ్మాయి చెప్పింది.

నాకు చెయ్యి కంచంలోకి వెళ్ళలేదు. "ఆ రోజు డాక్టరు దగ్గర నేను అబద్ధం చెప్పాను," అన్నాను.

"నాకు తెలుసు కదండీ. రోజూ మీరు నూరుతుంటే నా ఎదురుగానే కదా."

"మరి నువ్వెందుకు చెప్పలేదయ్యా? మేస్టారు చెప్పిందేనని ఎందుకన్నావు?"

నన్ను బాధపెట్టకుండా చెప్పే మాట కోసం వెతుక్కున్నట్టున్నాడు, దొరకలేదు.

"మీరు చెప్తారని చూశానండి," అన్నాడు. "తినండి మేస్టారూ, చల్లారిపోతుంది."

స్పూను అందుకుని, అది వేళ్ళ మధ్యకి వచ్చిందో లేదో కళ్ళతో చూసుకుని, తినడం మొదలుపెట్టాడు.